రాడ్డు తప్పేం లేదు, పరుపే బరువు

పోయిన నెల ఓ ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుంది. ఎప్పుడూ అలా పట్టుకోదు. "కుడి చెయ్యి చూపించమ్మా" అంటే మాట మార్చింది. రెండోసారి అడిగితే చూపించింది. రెండు వేళ్లు వాచిపోయి ఉన్నాయి, ఒక గోరు నల్లబడింది.

"ఏం లేదులేరా, దుప్పట్లు తీస్తుంటే మంచం మూత పడింది."

ఆ మంచం కొన్నది నేనే. మూడేళ్ల క్రితం సంక్రాంతికి, "కింద సామాను పెట్టుకోవచ్చు, ఒక్క చేత్తో లేపొచ్చు" అని గొప్పగా చెప్పి మరీ చల్లపల్లి పంపించాను. అందరూ హైడ్రాలిక్ మంచం అంటారు చూడండి, అదే. ఆ శుక్రవారం రాత్రే హైదరాబాద్‌లో బస్సెక్కాను. బ్యాగులో ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త రాడ్ల జత ఉంది. పాతవాటి మీద 1000ఎన్ అని ఉందని నాన్న ఫొటో పంపితే, నేను 1500ఎన్ కొన్నాను. ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నా. ర్యామ్ కొనే అలవాటు!

శనివారం పొద్దున అరగంటలో బిగించేశాను. మూత ఠీవిగా నిలబడింది. అమ్మ మెచ్చుకుంది. పదకొండింటికి పరుపు ఎండలో వేద్దామని తీశాం. అంతే, పరుపు లేని చెక్క మూత ఒక్కసారిగా పైకి లేచింది. నాన్నా నేనూ ఇద్దరం కలిసి నొక్కితేగానీ కిందికి రాలేదు. మళ్లీ లేపి చూస్తే బిజాగరీ దగ్గర రెండు స్క్రూలు చెక్కలోంచి ఊడి వచ్చేసి ఉన్నాయి. అమ్మ గడప దగ్గరే నిలబడి, "పోయినసారి వేళ్లు, ఈసారి గడ్డం పగిలేట్టుందిరా" అంది.

అప్పుడు కూర్చుని చేశాను, ముందే చేయాల్సిన పని.

మొదట ఆ రాడ్డు సంగతి. హైడ్రాలిక్ అన్న పేరే తప్పు. అందులో నూనె ఉండేది కొంచెమే. అసలు పని చేసేది గట్టిగా కుక్కిన నైట్రోజన్ గ్యాసు. గొట్టం లోపల పిస్టన్, దానికి సన్నటి రంధ్రం, కాబట్టి గ్యాసు పిస్టన్‌కి రెండు వైపులా ఒకే ఒత్తిడితో ఉంటుంది. మరి రాడ్డు బయటికి ఎందుకు తోసుకొస్తుంది? రాడ్డు ఉన్న వైపు గ్యాసు తోయడానికి ఆ రాడ్డు మందం మేర చోటు తక్కువ. ఆ తేడాయే బలం. 8 మిల్లీమీటర్ల రాడ్డు 400 న్యూటన్ల బలంతో తోస్తోందంటే లోపల ఒత్తిడి సుమారు 1,150 పీఎస్ఐ. మన కారు టైరులో ఉండేది 32, 33. అందుకే దీన్ని కోయకూడదు, డ్రిల్ పెట్టకూడదు, దగ్గర్లో వెల్డింగ్ చేయకూడదు. "లోపలేముందో చూద్దాం" బ్యాచ్‌కి ఇది ప్రత్యేకంగా చెప్తున్నా. నేనూ ఒకప్పుడు ఆ బ్యాచే.

గొట్టం మీద రాసి ఉండే ఎన్ అంటే న్యూటన్లు. పదితో భాగిస్తే దాదాపు ఎన్ని కిలోల బలమో తెలుస్తుంది. 1000ఎన్ అంటే సుమారు వంద కిలోలు. కానీ వంద కిలోల రాడ్లు రెండు ఉన్నాయి కాబట్టి రెండొందల కిలోల మూత లేస్తుందని కాదు. రాడ్డు బిజాగరీకి దగ్గరగా తోస్తుంది, మూత బరువేమో దూరంగా వేలాడుతుంది. బావి గిలక దగ్గర కాదు, ఏతం దగ్గర ఉండే లెక్క ఇది. బీటెక్ మొదటి ఏడాది ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో మూమెంట్స్ అని చదివాను, పరీక్ష రాసి మర్చిపోయాను.

మూత బరువు ఎలా తెలుసుకోవాలి? నేను ప్లైవుడ్ కొలతలు, సాంద్రత అంటూ ఫోన్‌లో గుణిస్తుంటే నాన్న లోపలికెళ్లి మినుముల బస్తాలు తూచే వేలాడే కాటా తెచ్చారు. రాడ్లు విప్పేసి, మూత పడుకుని ఉండగా కాళ్ల వైపు అంచుకి కొక్కెం తగిలించి కాస్త ఎత్తారు. "ముప్ఫై ఏడున్నర, రాసుకో." అంతే. ఆ అంచు దగ్గర చూపించిన బరువుని బిజాగరీ నుంచి అంచు దాకా ఉన్న దూరంతో గుణిస్తే మనకి కావలసిన మూమెంట్ నేరుగా వచ్చేస్తుంది. నా లెక్కకంటే ఇదే సులువు, ఇదే నమ్మకం.

మాది 1.8 మీటర్ల మూత. సగం లేచి 45 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు బరువు ప్రభావం 70 శాతానికి తగ్గుతుంది. అప్పుడు రాడ్డు గీతకి, బిజాగరీకి మధ్య అడ్డదూరం టేపుతో కొలిస్తే 18 సెంటీమీటర్లు వచ్చింది. 37.5ని 1.8తో, 0.7తో గుణించి, 0.18తో భాగించి, రాడ్లు రెండు కాబట్టి సగం చేస్తే 131 కిలోలు. అంటే ఒక్కో రాడ్డు 1,290 న్యూటన్లు తోయాలి. ఉన్నవి 1,000వి. పడకేం చేస్తుంది?

మరి మూడేళ్లు ఎలా ఆగింది? అమ్మని అడిగితే బయటపడింది. మంచంతో వచ్చిన ఫోమ్ పరుపు మీద వేడిగా ఉంటోందని తీసేసి, అమ్మమ్మ కుట్టించిన దూది పరుపు వేసింది. ఫోమ్‌ది ఇరవై కిలోలు. దూదిది నలభై అయిదు. ఫోమ్ పరుపుతో లెక్క వేస్తే ఒక్కో రాడ్డుకి 860 న్యూటన్లు చాలు, పైన కొంత వెసులుబాటుతో 1,000 సరిగ్గా సరిపోయింది. రాడ్లు పాడవ్వలేదు. బరువు మారింది. నేను బరువు అడక్కుండా రాడ్లు కొన్నాను.

ఇలాంటివే వంటింట్లో పైకి తెరుచుకునే అరల తలుపులకీ ఉంటాయి. అవి 60, 80, 100 న్యూటన్ల చిన్నవి. తేలికపాటి తలుపు తీసి గాజు తలుపు పెట్టిస్తే అక్కడా ఇదే కథ.

ఇక నాన్న కారు డిక్కీది వేరే రోగం. రెండేళ్లుగా వెదురు కర్ర ఆసరాతో నిలబెడుతున్నారు. ఇక్కడ బరువు మారలేదు, రాడ్లే ముసలివైపోయాయి. రాడ్డు మెడ దగ్గర నూనె జిడ్డు, రాడ్డు మీద తుప్పు చుక్కలు. నాన్నకి నాగాయలంక వైపు రొయ్యల చెరువుల దగ్గర పని, కారు రోజంతా ఉప్పుగాలిలోనే ఉంటుంది. తుప్పు చుక్క గరుకుగా మారి, రాడ్డు లోపలికీ బయటికీ తిరిగినప్పుడల్లా రబ్బరు సీలుని గీరుతుంది, గ్యాసు కొంచెం కొంచెంగా పోతుంది. చలికాలం తెల్లవారుజామున మరీ నీరసంగా ఉంటుంది. 18 డిగ్రీల నుంచి 40కి వెళ్తే గ్యాసు బలం ఏడు శాతం పైనే పెరుగుతుంది కాబట్టి, మే నెల మధ్యాహ్నం బాగుందనిపించిన డిక్కీ జనవరిలో నెత్తిన పడొచ్చు.

అనుమానం ఉంటే బాత్రూమ్‌లో బరువు చూసుకునే మెషీన్ నేల మీద పెట్టి, విప్పిన రాడ్డుని దాని మీద నిలువుగా పట్టుకుని కిందికి నొక్కండి. రాడ్డు లోపలికి కదలడం మొదలైనప్పుడు ఎన్ని కిలోలు చూపిస్తే అదే దాని బలం. నాన్న కారువి 400వి. ఒకటి 22 కిలోలు చూపించింది, ఇంకోటి 15. మంచం రాడ్లతో మాత్రం ఈ సాహసం వద్దు, మనిషి బరువు చాలదు, జారితే ప్రమాదం.

డిక్కీవి విజయవాడ ఆటోనగర్‌లో తీసుకున్నాం. పాత జత చేతిలో పట్టుకెళ్లడం ఉత్తమం. బలం ఒక్కటే కాదు, పూర్తిగా చాచినప్పుడు ఒక కొస రంధ్రం మధ్య నుంచి రెండో కొస మధ్య దాకా పొడవు, రాడ్డు లోపలికి వెళ్లే నిడివి, కొసలు బాల్ సాకెట్టా లేక చిల్లు ఉన్నవా, అన్నీ కలవాలి. పొడవు ఎక్కువైతే తలుపు మూసినప్పుడు రాడ్డు అడుగంటి బిజాగరీ వంగుతుంది. ఒక్కటే పోయినా రెండూ మార్చండి. లేకపోతే తలుపు ఒక పక్కకి లాగేస్తుంది.

విప్పేటప్పుడు తలుపు పూర్తిగా తెరిచి, గట్టి కర్రతో ఆసరా పెట్టి, ఇంకో మనిషిని పట్టుకోమనండి. మూసి ఉన్నప్పుడు రాడ్డు నొక్కుకుని ఉంటుంది, అప్పుడు విప్పబోతే ముఖానికే తగులుతుంది. సాకెట్ క్లిప్పుని చిన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తితే చాలు. కొత్తది పెట్టేటప్పుడు డిక్కీ మూసి ఉన్నప్పుడు సన్న రాడ్డు కిందికి, లావు గొట్టం పైకి ఉండేలా చూడండి. లోపలి నూనె సీలు దగ్గరే నిలిచి దాన్ని తడిగా ఉంచుతుంది. రాడ్డుని పట్టకారుతో పట్టుకోవద్దు, దాని మీద రంగు పడనివ్వొద్దు. ఒక్క గీత చాలు.

మంచానికి ఏం చేశామంటే, అమ్మ ఆ పరుపు వదలనంది. అది అమ్మమ్మది కాబట్టి నేనూ గట్టిగా అనలేకపోయాను. పరుపులు కుట్టేవాళ్లని పిలిపిస్తే దూది ఏకి, పల్చగా 28 కిలోల్లో మళ్లీ కుట్టారు. మిగిలిన దూదితో ఓ చిన్న పరుపు, రెండు దిండ్లు వచ్చాయి. కాటా ఈసారి అంచు దగ్గర 29 చూపించింది. లెక్క 995 న్యూటన్లకి వచ్చింది. 1,000వి మరీ అంచున ఉంటాయని 1,200 జత తెప్పించాను. స్క్రూలు ఊడిన చోట వడ్రంగి లోపల చెక్క ముక్క పెట్టి బోల్టులు వేశాడు. పరుపు తీసినప్పుడు ఇప్పటికీ మూత కాస్త మొరాయిస్తుంది. అందుకని పరుపు ఎండలో వేసేటప్పుడు అమ్మ నాన్నని పిలవాలి, ఒక్కతే తీయకూడదు అని ఒప్పందం.

పాత డిక్కీ రాడ్లు ఇంకా గ్యాసుతోనే ఉన్నాయి. చెత్తలో పడేస్తే ఎవరో మంట పెడితే పేలతాయి. నేను బస్సు దిగే వేళకే మా ఊళ్లో స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు చీపుర్లు పట్టుకుని రోడ్ల మీద ఉంటారు, వాళ్ల చేతికి ఇవి తగలకూడదు. అందుకే మళ్లీ ఆటోనగర్ వెళ్లినప్పుడు, లోపల గ్యాసు ఉందని చెప్పి పాత ఇనుము కొట్లో ఇచ్చొచ్చారు నాన్న.

వెదురు కర్ర మాత్రం ఇంకా డిక్కీలోనే ఉంది. ఎందుకని అడిగితే, "ఉండనీరా, దాని దారిన అది ఉంటుంది" అన్నారు.