గుండెదడ తగ్గిన పిమ్మట



మా బడిపిల్లల తల్లులు తరచుగా “గుండె దడదడలాడెను, కొంతసేపు పరుండగా తగ్గెను” అని చెప్పి, ఆ మాట నంతటితో మరచుచుందురు. దడలన్నియు నొక్కటి కావు గనుక ఈ నెల ఈ విషయము వ్రాయుచున్నాము.

గుండెయందలి క్రిందిగదులు జఠరికలు. అవి పైగదుల యదుపు తప్పి, నిమిషమునకు నూరుసార్లకు మించి, ఒక్కొక్కప్పుడు 200 సార్లవరకు కొట్టుకొనుటను వెంట్రిక్యులర్ టాకికార్డియా యందురు. గదులు రక్తముతో నిండుటకు వ్యవధి చాలదు. కన్నులు తిరుగును, స్పృహ తప్పును, ప్రాణమే పోవచ్చును.

ఇది వచ్చినవారిలో కొందరు చిరకాలము జీవింతురు, కొందరు త్వరలోనే పోవుదురు. కారణమేమి? ముఖ్యముగా గుండెకండరము బలమే. ఆరోగ్యమైన గుండె ఎడమ జఠరికలోని రక్తమున నూటికి 55 మొదలు 70 పాళ్లు ప్రతి స్పందనమునందును వెడలగొట్టును. అది 35 పాళ్లకు దిగినవారికి అపాయ మెక్కువ. ఎకో పరీక్షవలన ఈ లెక్క తెలియును. పూర్వము గుండెపోటు వచ్చి కండరమున మచ్చ మిగిలినవారును, మూత్రపిండములు చెడినవారును, వయసు మీరినవారును మరింత మెలకువగా నుండవలెను. గుండె యే లోపమును లేక యున్నవారి దడ మాత్రము చాలవరకు సాధ్యమే.

మూలము వెదకుటయు ముఖ్యము. కండరబలము తగ్గకయే ఈ దడ వచ్చిన కొందరికి క్షయగాని సార్కాయిడోసిస్ గాని కారణమని హైదరాబాదు వైద్యులు 2011లో ప్రకటించిరి. అట్టివారికి ఆ మూలవ్యాధికే చికిత్స చేయవలెను.

ఐ.సి.డి. యను చిన్నయంత్రమును 1980లో అమెరికాలో మొదటిసారి మనుష్యదేహమున నమర్చిరి. అది ప్రమాదకరమైన దడను కనిపెట్టి, తానే విద్యుత్తుతో సరిచేయును. ప్రాణాపాయమైన దడనుండి బయటపడినవారికి మందులకంటె ఈ యంత్రమే ఎక్కువ ఆయువు నిచ్చునని 1997లో వెలువడిన పరిశోధన తేల్చెను. అయినను యంత్రము గుండెకు బలము నీయదు. వైద్యులిచ్చిన మందులు మానరాదు.

ఖర్చునకు వెరచి ఊరకుండవలదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిలు 1వ తేదీన మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబునగరమొకటి. అచ్చట 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. దడతో కన్నులు తిరిగినను, రొమ్ము నొచ్చినను 108కి తెలుపుడు. దడ యున్నప్పుడు తీసిన ఇ.సి.జి. కాగితమును భద్రపరచుడు, వైద్యునికి అంతకు మించిన సాక్ష్యము లేదు.

పొయ్యిమీది యెసరు దింపి పోవుదమని ఆగకుడు. ఇల్లాలి గుండెయు ఇంటివారి గుండెవంటిదే.