పైన తాడు దేనికి కట్టారు?

వేసవి సెలవులు దగ్గర పడగానే "సాహస శిబిరము" ప్రకటనలు మొదలవుతవి. ఒక కొండ, ఒక తాడు, హెల్మెట్టు పెట్టుకుని నవ్వుతున్న ఒక పిల్లవాడు. ఆ బొమ్మలో పిల్లవాడు కనబడతాడు, తాడు కనబడుతుంది. ఆ తాడు కొండ నెత్తిన దేనికి కట్టబడి ఉన్నదో మాత్రము ఏ బొమ్మలోనూ కనబడదు. నా తగాదా అంతా ఆ కనబడని బారెడు చోటుతోనే.

ముందు మాట సంగతి చూద్దాము. తెలుగు పండితుడికి అది తప్పని జాడ్యము. సాహసమంటే నేడు మనము ధైర్యమనుకుంటున్నాము. ధర్మశాస్త్రములలో సాహసము ఒక నేరము, పదునెనిమిది వివాదపదములలో ఒకటి. బలము చూచుకుని, ముందు వెనుకలు చూడక, ఎదుటివానిపై చేసే దౌర్జన్యము సాహసమన్నారు. అమరకోశములో ఇదే మాట దండనకు పర్యాయపదముగా ఉన్నది. ఒరుగుతున్న బండకు ఒక్క పట్టీ చుట్టి, దానికి తాడు తగిలించి, ఎవరి బిడ్డనో ఆ తాడుకు వ్రేలాడదీసే పెద్దమనుషుల శిబిరానికి "సాహస శిబిరము" అన్న పేరు పాత అర్థములో చక్కగా అతుకుతుంది.

పినపాకలో కూర్చున్న వానికి కొండలెక్కే వారి గొడవ ఎందుకని మీరు అడుగవచ్చును. గోదావరి ఆవలి ఒడ్డున మాకు చర్ల మండలమున్నది. ఆ మండలపు బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాదు జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, 2014 మే 25న ఎవరెస్టు శిఖరముపై నిలబడ్డారు. ఆ పిల్లల తొలి పాఠము భువనగిరి కోట బండ మీదనే జరిగినది. గురువు శేఖర్ బాబు. సక్రమమైన శిక్షణ ఉంటే మన్యపు పిల్లలు ఎంత ఎత్తుకు పోగలరో ఆ దినము లోకము చూచినది. అయితే శిఖరము పేరు విన్నవారందరూ శిక్షణ సంగతి వినలేదు. బండ ఎక్కించడమన్నది బడి యాత్రలకూ, కంపెనీల విహారాలకూ ఒక సరుకైనది. భువనగిరి నుండి హైదరాబాదు ఖాజాగూడ దాకా మంచి రాళ్ళున్నవి, మంచి గురువులూ ఉన్నారు. వారిని నేనేమీ అనడము లేదు. వారి ప్రక్కనే ఒక తాడూ నాలుగు కొక్కేలూ కొనుక్కుని దిగిన వారి గురించే ఈ టపా.

ఈ విద్యను టాప్ రోపు అంటారు. తాడు ఎక్కేవాని నడుము నుండి పైకి పోయి, కొండ నెత్తిన ఒక కొక్కెములోంచి మళ్ళీ క్రిందికి వస్తుంది. క్రింద ఒకడు దానిని పట్టుకుని ఉంటాడు. ఎక్కేవాడు జారితే ఆ తాడుకు వ్రేలాడతాడు. అంటే మన నూతి గిలక. ఇరువది కిలోల చేదను గిలక మీద తోడేటప్పుడు దూలము మోసేది ఇరువది కాదు, దాదాపు నలుబది. చేద ఒక ప్రక్క లాగుతుంది, తోడేవాడు మరొక ప్రక్క లాగుతాడు. కొండ మీద కూడ అంతే. ఎక్కేవాని బరువు అరువది కిలోలైతే, రాపిడికి కొంత పోయినా, పైనున్న యాంకరు మీద నూరు కిలోల దాకా పడుతుంది. ఊరకే వ్రేలాడినప్పటి మాట ఇది. జారి ఊగినప్పుడు ఇంకా ఎక్కువ.

అందుచేతనే యాంకరు ఒక్కదానికి కట్టకూడదన్నారు. ఒకటి ఊడినా రెండవది నిలిచేటట్లు, ఒకదానితో ఒకటి సంబంధము లేని రెండు పట్టులు కావలెను. ఆ రెండూ సమానముగా మోయవలెను. ఇక్కడ చిన్న లెక్క ఉన్నది, తొమ్మిదవ తరగతి పిల్లలు బలములను గీతలుగా గీసి చూపగలరు. రెండు పట్టీల నడుమ కోణము 60 డిగ్రీలైతే ఒక్కొక్కటి బరువులో 58 వంతులు మోస్తుంది, నూటికి. 90 అయితే 71. 120 అయితే ఒక్కొక్కటీ మొత్తము బరువును మోస్తుంది. రెండు కట్టిన ఫలము సున్న. 150 అయితే ఒక్కొక్కదాని మీద బరువుకు దాదాపు రెట్టింపు పడుతుంది. చూచేవారికి మాత్రము వెడల్పుగా చాచి కట్టిన పట్టీలే బలముగా ఉన్నట్లు కనబడతవి.

మరి రాయి? మన గ్రానైటు పాతది, గట్టిది, కాని ఉల్లిపాయ వలె పొరలు పొరలుగా విడుస్తుంది. పైకి ఏకశిల వలె ఉన్న బండలో పై పొర క్రింద డొల్ల ఉండవచ్చును. ఈ సంగతి మా ప్రక్క వడ్డెర వారికి సుత్తితో ఒక్కసారి కొట్టగానే చెవికి తెలుస్తుంది. మా మన్యములో ఉన్నది బొగ్గుపొరల మీది ఇసుకరాయి. అది వాన నీరు పీల్చితే బలము బాగా తగ్గుతుంది; పైకి ఎండినట్లున్నా లోపల తడి ఉంటుంది. మా మండలములోని జానంపేటలో ఇదే ఇసుకరాతి పలకలతో కట్టిన రాక్షసగుళ్ళున్నవి, ఇనుపయుగపు సమాధులు. నిలువు రాళ్ళ మీద అంత బరువైన కప్పురాయిని పెట్టిన ఆ పేరు తెలియని వారు ఏ రాయి ఎంత మోస్తుందో చూచుకునే పెట్టి ఉంటారు. బోల్టు దిగగొట్టే నేటి నాగరికుడు తాను దిగగొట్టేది ఏ రాతిలోనో అడిగి తెలుసుకోవడము లేదు.

నేను కళ్ళారా చూచిన ఒక శిబిరమున్నది. నిర్వాహకుల పేరు వ్రాయను. పదిహేనేండ్ల పిల్లలు వరుసగా ఎక్కుతున్నారు. మోకాళ్ళ మీద ప్రాకుతూ వెనుక దారిన పైకి పోయి చూచితిని. నా నడుమంత ఎత్తు బండరాయి ఒకటి, దాని చుట్టూ వెలిసిపోయిన ఒకే ఒక నైలాను పట్టీ. ఆ రాయి పలక మీద ఊరకే కూర్చుని ఉన్నది, క్రింద వేరు లేదు. కొక్కెము ఒక్కటే, దాని తలుపుకు బిగింపు లేదు. తాడు ఆనుకున్న అంచు కత్తిపీట వలె ఉన్నది, క్రింద గోనెపట్టా అయినా లేదు. అడిగితే ఆ కుర్రవాడు, "మాస్టారూ, మూడేండ్లుగా ఇక్కడే కడుతున్నాము, ఏమీ కాలేదు" అన్నాడు.

ఈ "ఏమీ కాలేదు" అన్న మాటను నేను క్షమించలేను. తాడు తెగేదాకా ప్రతి తాడూ తెగని తాడే. మూడేండ్లుగా ఏమీ కాలేదంటే మూడేండ్లుగా ఆ పట్టీ ఎండకు మగ్గినదని, ఆ అంచున తాడు వందల సార్లు రాచుకున్నదని అర్థము. దానిని భద్రతకు సాక్ష్యముగా చూపడము అప్పు తీర్చనివాడు ఇంతవరకు ఎవరూ అడుగలేదని చెప్పుకోవడము వంటిది.

మా ఊరి గీత కార్మికులను చూడండి. మోకు భుజాన వేసుకునే ముందు వ్రేళ్ళతో తడిమి చూచుకోనివాడు లేడు. అంత చూచుకున్నా చెట్టు మీద నుండి పడి చనిపోయినవారు, నడుములు పోయినవారు ఎందరో. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమన్న పేర వారికి రక్షణ సామగ్రి పంచడము మొదలుపెట్టినది. ఆలస్యమైనా మంచి పని. మణుగూరు వారికి గనులు తెలుసును. బొగ్గుగనులలో మనుషులను దింపే ఇనుప తాడును అర్హుడైన వాడు ప్రతి దినమూ పరీక్షించి పుస్తకములో వ్రాయవలెనని చట్టమున్నది. పొట్టకూటికి తాడు పట్టిన వానికి ఇన్ని జాగ్రత్తలున్నవి. డబ్బు కట్టి సరదాకు తాడు పట్టే పిల్లవానికి ఏమున్నది? కేంద్ర పర్యాటక శాఖ వారు 2018లో సాహస పర్యాటకమునకు మార్గదర్శకాలు వెలువరించినారు. అవి మార్గదర్శకాలు, ఉల్లంఘించినవానిని పట్టుకునే చేతులు వాటికి లేవు. మహారాష్ట్ర ప్రభుత్వము 2021లో తన విధానము తాను చేసుకున్నది.

చట్టము వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనివారు లోకములో ఉన్నారు. అమెరికాలో 1998లో కొండలెక్కేవారే ఒక సంఘము పెట్టి, తుప్పు పట్టిన వేలాది బోల్టులను పెరికి క్రొత్తవి వేసినారు. థాయిలాండు సముద్రతీరములో ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు లోలోపల పగిలి విరిగిపోతుంటే టైటానియము బోల్టులు దించినారు. ఇంతకంటే గొప్ప పని మరొకటి ఉన్నది. అమెరికను ఆల్పైను క్లబ్బువారు 1948 నుండి ఏటేటా ప్రమాదముల నివేదిక అచ్చువేస్తున్నారు. ఎవడు ఎక్కడ పడినాడు, ఏ ముడి జారినది, ఏ రాయి ఊడినది, అన్నీ. మన దగ్గర ఒక పిల్లవాడు పడితే జిల్లా పేజీలో ఒక దినము "ప్రమాదవశాత్తు" అన్న ఒక్క మాట. ఆ మాట క్రింద ఎన్ని ఒంటి పట్టీలు, ఎన్ని డొల్లరాళ్ళు పూడ్చిపెట్టబడుతున్నవో!

"మీరు పిల్లలను పిరికివారిని చేస్తున్నారు" అని ఒక మిత్రుడు నాతో వాదించినాడు. పిల్లలు పిరికివారు కారయ్యా. వారు ఆ తాడును నమ్మి చేతులు వదలుతున్నారు, అదే చాలినంత ధైర్యము. పైన కట్టినవానికి కావలసినది ధైర్యము కాదు, అనుమానము. ఆ ఒక్కడే అందరికంటే పిరికివాడై ఉండవలెను.

తల్లిదండ్రులకూ, పిల్లలను వెంటబెట్టుకుపోయే ఉపాధ్యాయులకూ నేను చెప్పేది ఇది. సంతకము పెట్టమని "ఏమి జరిగినా మాకు బాధ్యత లేదు" అన్న కాగితము మీ ముందు పెడతారు. సంతకమునకు ముందు ఒక్క ప్రశ్న అడుగండి: పైన తాడు దేనికి కట్టారు? చూపించమనండి. పైకి పోలేనివారు ఫోనులో బొమ్మ తీయించి తెప్పించుకోండి. రెండు పట్టులున్నవా, అవి వేరువేరు రాళ్ళా, కొక్కేలు రెండు ఎదురెదురుగా బిగించి ఉన్నవా, అంచున తాడు క్రింద ఏమైనా పరచినారా? ఇంతే, ఇందుకు కొండలెక్కిన అనుభవమేమీ అక్కరలేదు. నిజమైన గురువు సంతోషముగా చూపిస్తాడు, అడిగినందుకు మెచ్చుకుంటాడు కూడ. విసుగుకునేవాడైతే పిల్లవాని నడుముకు కట్టిన పట్టీ విప్పించి, కట్టిన రుసుము తిరిగి అడిగి, తిరుగు బస్సు ఎక్కండి.