చీర కనిపిస్తుంది, నేసిన చేయి కనిపించదు



"సీరియళ్ళు ఆడవాళ్ళ కాలక్షేపం, వాటితో యూనియన్‌కేం పని?" అని మొన్న గేటు దగ్గర ఒక సోదరుడు అడిగాడు. పని ఉంది. ఏది గొప్పో, ఏది నామోషీయో రోజూ మన ఇంట్లోనే మన పిల్లలకు నేర్పుతున్నవి ఆ సీరియళ్ళే.

1982 జనవరి 18న మొదలైన ముంబయి మిల్లుల సమ్మెలో మా నాయన పని పోయింది. 1984 జూలైలో దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ వచ్చింది. చాల్‌లో ఒకే టీవీ ముందు అందరం కూర్చునేవాళ్ళం. చాలని సంపాదన, ఇరుకు ఇల్లు, ఉద్యోగం లేని కొడుకు! "ఇది మన ఇల్లే కదరా" అన్నాడు నాయన. 1986లో ‘నుక్కడ్’ వచ్చింది. సైకిళ్ళు బాగుచేసేవాడు, కరెంటు పనివాడు, చాయ్ హోటలువాడు అందులో కథానాయకులు. అది స్వర్ణయుగమని నేననను. ‘హమ్ లోగ్’ వెనుక కూడా మ్యాగీ ప్రకటన ఉంది. అయినా పేదవాడికి తెరమీద చోటుండేది.

1991 తరువాత సర్కారు విధానం మారింది, ప్రైవేటు ఛానళ్ళు వచ్చాయి. మిల్లులు మూతపడ్డాయి, ఫీనిక్స్ మిల్లు స్థలంలో మాల్ లేచింది. 2000 జూలైలో ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ వచ్చి 2008 దాకా నడిచింది. వ్యాపార కుటుంబం, పెద్ద బంగళా, అత్తాకోడళ్ళ పోరు. 2025లో దాన్నే మళ్ళీ మొదలుపెట్టారు. మన తెలుగు సీరియళ్ళు చాలావాటిదీ అదే దారి.

ఇది ప్రజల అభిరుచి అంటారు. కాదు! ప్రకటన ఇచ్చేవాడికి కొనేవాడు కావాలి. మాల్‌కు పోలేనివాడి కథ వాడికెందుకు? అందుకే పడుకునేటప్పుడు కూడా కోడలికి పట్టుచీర కడతారు. ఆ చీర నేసిన మగ్గాన్ని మాత్రం చూపరు. మన బిడ్డ దాన్ని చూసి, నాన్న సాంచా నడుపుతాడని బడిలో చెప్పడానికి సిగ్గుపడుతుంది. నష్టం అక్కడుంది.

ఆ బంగళా సెట్టు కట్టేదీ, దీపాలు మోసేదీ కూడా కార్మికులే. 2008 నవంబరులో ముంబయి టీవీ కార్మికులు పని ఆపితే ఛానళ్ళు పాత భాగాలే తిప్పి తిప్పి వేసుకున్నాయి. అత్తా లేదు, కోడలూ లేదు!

టీవీ పగలగొట్టమని నేననను. పిల్లల పక్కన కూర్చుని చూడండి. "ఈ ఇంట్లో అంట్లు తోమేదెవరు? ఈ చీర నేసిందెవరు?" అని అడగండి. మన పని సంగతి మనమే చెప్పుకోవాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి