సుగ్గికి పోయాక గ్రామసభ ఎవరి కోసం?

పత్తి తీతలు ముగిసేసరికి కర్నూలు జిల్లా పడమటి వైపున ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం మండలాల కూలీలు సుగ్గికి, అంటే పనుల కోసం వలసకు, బయల్దేరతారు. మిరప కోతలకు గుంటూరు వైపు కొందరు, కట్టడం పనులకు బెంగళూరుకు మరికొందరు. చాలామంది మళ్లీ ఊరు చూసేది ఉగాదికి అటూ ఇటూగానే. వచ్చే ఏడాది ఊరికి ఏ పనులు కావాలో తేల్చే గ్రామసభలు మాత్రం గాంధీ జయంతికీ రిపబ్లిక్ డేకీ మధ్యే ఎక్కువగా జరుగుతాయి. ఊళ్లో పని దొరకడం ఎవరికి అత్యవసరమో వాళ్లే సభలో ఉండరు.

పది మందీ చర్చించి నిర్ణయించడమే మేలైన ప్రజాస్వామ్యమని హేబర్మాస్ వంటి తత్వవేత్తలు చెబుతారు. అయితే చర్చకు కూర్చున్నవాళ్ల చేతిలో సమాచారం ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత దాదాపు 60 శాతం, మహిళల్లో సుమారు సగమే. పడమటి పల్లెల్లో కొన్ని ఇళ్లలో మాట్లాడేది కన్నడం. అంత మాత్రాన వాళ్లకేమీ తెలియదనుకోవడం పొరపాటు. చెరువులో పూడిక ఎంతో, ఏ బోరు ఎప్పుడు ఎండిందో కూలీకి తెలుసు. మంజూరైన నిధి ఎంతో, గడువు ఎప్పుడో అధికారికి తెలుసు. తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేది రెండోవారి లెక్కే.

ఈ అగాధాన్ని పూడ్చవచ్చని తెలుగు నేల ఎప్పుడో రుజువు చేసింది. 2001లో మెదక్ జిల్లాలో జరిగిన ‘ప్రజాతీర్పు’లో చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది మహిళలు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ ‘విజన్ 2020’ వ్యవసాయ ప్రణాళికను వీడియోల్లో చూసి, నిపుణులను ప్రశ్నించి, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. ఆ ప్రక్రియ ఏకపక్షమన్న విమర్శలూ వచ్చాయి. అంటే సమాచారం ఇవ్వడమొక్కటే చాలదు, అన్ని వైపుల వాదనా అందాలి. ఉపాధి హామీ సామాజిక తనిఖీలదీ అదే దారి. మస్తర్లను (హాజరు పట్టీలను) ఊరి నడుమ పైకి చదివితే, చదువురాని కూలీ సైతం తన పేరున పడిన దొంగ హాజరును పట్టుకోగలిగింది.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. సభ జరిగిన లెక్క వేరు, చర్చ జరిగిన లెక్క వేరు. పడమటి మండలాల్లో ప్రణాళిక సభలను సుగ్గికి ముందే, సెప్టెంబరులోనే ముగించాలి. పనుల జాబితాను వారం ముందే వాడవాడలా చదివి వినిపించాలి, అవసరమైనచోట కన్నడంలో కూడా. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. జిల్లా యంత్రాంగం తేదీలు మారిస్తే చాలు.