షోరూమ్ మైలేజీ, మన ఇంటి లెక్క

డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొనేముందు షోరూమ్ వాళ్ళు చెప్పే అంకె చూసి మురిసిపోకండి. అది ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి తీసిన లెక్క. మన అద్దంకి ఎండల్లో ఏసీ ఆపి తిరిగేదెవరండీ?

మా బండి మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కి ఒంగోలు వెళ్తే లీటరుకి 17 ఇస్తుంది. బడికీ బజారుకీ తిప్పితే 11. నెలకి 600 కిలోమీటర్ల మీద 19 లీటర్ల తేడా! పాల లెక్క రాసినట్టే ఇదీ రాస్తాను: ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్ళీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించడమే.

ఇంకోటి, బీఎస్6 డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ దూరం పరుగెత్తాలి. ఊళ్ళో తిరగడానికే అయితే డీజిల్ వద్దంటాను, ఇంట్లో మగవాళ్ళు పికప్ అంటూ ఎంత ఊరించినా.