మిషను రికార్డులను చెదలకు వదలొద్దు: శ్రీకాకుళం, విజయనగరం సంఘాలకు విన్నపం

కెనడాలోని నోవాస్కోషియాలో పంతులమ్మగా పనిచేసిన మటిల్డా ఫాక్‌నర్, భర్త జార్జ్ చర్చిల్‌తో కలిసి 1873లో ఓడెక్కారు. అప్పుడు వాళ్లు బయల్దేరింది తెలుగునేలకు కాదు, సయాం దేశంలోని కరెన్ ప్రజల దగ్గరికి. తీరా వెళ్లి చూస్తే అక్కడ కరెన్‌లు అనుకున్నదానికంటే చాలా తక్కువమంది ఉన్నారు. దాంతో 1875లో ఆ బాప్టిస్టు బృందం ఉత్తరాంధ్ర తీరానికి మళ్లింది. సాన్‌ఫర్డ్ దంపతులు భీమునిపట్నంలో, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు శ్రీకాకుళంలో పని మొదలుపెట్టారు. 1879లో చర్చిల్ దంపతులు బొబ్బిలి చేరారు. జార్జ్ చర్చిల్ అక్కడ సువార్త ప్రకటన పని చూస్తే, మటిల్డా ఆడపిల్లలకు బడి నడిపారు. ఘోషా ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడారు. ఇంటికి ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు 1916లో ‘లెటర్స్ ఫ్రమ్ మై హోమ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకంగా వచ్చాయి.

ఇండియాలో తన ఇంటి నుంచి రాసిన ఉత్తరాలు అని ఆ పేరుకు అర్థం. ఆ ఇల్లు ఉన్నది బొబ్బిలిలో. కానీ ఆ కాలపు మిషను చరిత్ర రాయాలనుకునే పరిశోధకుడు ఇప్పటికీ ముందుగా చూసేది ఒంటారియోలోని హామిల్టన్ వైపు, నోవాస్కోషియాలోని వుల్ఫ్‌విల్ వైపు. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో కెనడియన్ బాప్టిస్టు ఆర్కైవ్స్ ఉంది. వుల్ఫ్‌విల్‌లోని అకేడియా యూనివర్సిటీలో తూర్పు కెనడా బాప్టిస్టుల కాగితాలు ఉన్నాయి. అంతకుముందు ఇక్కడ పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ కాగితాలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. పెట్టెల్లో పెట్టి, అంకెలు వేసి, చెమ్మ తగలకుండా వాటిని కాపాడుతున్నారు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లోని పాత క్రైస్తవ సంఘాల రిజిస్టర్లకు అంత భద్రత లేదు. బాప్తిస్మాల పుస్తకం పాస్టరుగారి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. ఆయన బదిలీ అయినప్పుడు పెట్టె ఎటు పోయిందో పెద్దలకు గుర్తుండదు. వానాకాలంలో పైకప్పు కారితే మొదట తడిసేది బీరువా పైఅర. చెదలు పట్టాక ఆ పుస్తకాన్ని తెరిచేవారే ఉండరు. ఈ కరపత్రం కోరేది ఇది: ఈ జిల్లాల్లోని ప్రతి పాత సంఘం తన రిజిస్టర్లకు, ఫొటోలకు, సమాధుల తోటలోని రాతలకు ఈ సంవత్సరమే నకళ్లు తీయించాలి. ఆ పైన విదేశాల్లో ఉన్న కాగితాల నకళ్లను ఈ జిల్లాలకు తెప్పించాలి.

ఇంత తొందర ఎందుకంటే, మిషనరీ కుటుంబాల కథ మిగిలింది ఎడబాటు వల్ల. పిల్లలు కాస్త పెద్దవాళ్లు కాగానే చదువు కోసం స్వదేశానికి పంపేసి, ఏళ్ల తరబడి ఉత్తరాల్లోనే పెంచడం ఆనాడు చాలా మిషనరీ ఇళ్లలో మామూలే. అమ్మకు, అక్కకు, ఇంటి దగ్గరి సంఘానికి రాసిన ప్రతి ఉత్తరం అవతలి ఒడ్డున ఎవరో ఒకరు దాచారు. వాళ్ల పక్కన పనిచేసిన తెలుగువాళ్లకు ఆ దూరం లేదు. ఉపదేశకుడి కుటుంబం పక్క వీధిలోనే ఉండేది. ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పే ‘బైబిలు స్త్రీ’ సాయంత్రానికి ఇల్లు చేరేది. వాళ్లకు ఉత్తరం రాయాల్సిన అవసరం రాలేదు. రాయాలన్నా చాలామందికి చదువు లేదు. వాళ్లు బతికిన గుర్తు బాప్తిస్మాల పట్టికలో ఒక వరుస, జీతాల పుస్తకంలో ఒక సంతకం లేదా వేలిముద్ర. ఆ పుస్తకం పోతే మళ్లీ దొరకదు, దానికి కెనడాలో నకలు ఉండదు.

ఈ నష్టం కొత్తది కాదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. లండన్ మిషనరీ సొసైటీ తెలుగువాళ్ల మధ్య పెట్టిన తొలి పని అది. క్రాన్ 1809 జనవరిలో శ్రీకాకుళంలో చనిపోయారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1810 జూలైలో, డి గ్రాంజెస్ కూడా కన్నుమూశారు. డి గ్రాంజెస్ మొదలుపెట్టిన సువార్తల అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ అనువాదంలో ఆయనతో కూర్చుని పనిచేసినవారు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. ఇద్దరు దొరల మరణాలకు తేదీలు దొరుకుతాయి. తెలుగు వాక్యాన్ని సరిదిద్దిన మనిషి గురించి మాత్రం దొరికేది ఆ దొరల ఉత్తరాల్లో అక్కడక్కడా ఉన్న ప్రస్తావనలే. పురుషోత్తమ చౌదరి గారి అదృష్టం వేరు. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన ఆయనను తాను రాసిన కీర్తనలే కాపాడాయి. ప్రతి ఆదివారం సంఘాలు పాడుతున్నంతకాలం ఆయన పేరు పోదు. పాట రాయని ఉపదేశకుల సంగతి అలా కాదు.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా మరీ బాధాకరం. 1870లో హన్నా మరియా నోరిస్ అనే నోవాస్కోషియా యువతి విదేశీ సేవకు వెళ్తానంటే, పంపడానికి డబ్బు లేదన్నది బోర్డు. ఆమె ఊరూరా తిరిగి, కాన్సో అనే ఊరితో మొదలుపెట్టి, కొద్ది వారాల్లోనే ముప్పైకి పైగా స్త్రీల సంఘాలు పెట్టించారు. ఆ ఆడవాళ్లు కూడబెట్టిన చిల్లరతోనే బర్మాకు వెళ్లారు. తర్వాత విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్లాడి శ్రీకాకుళం వచ్చారు. ఏ ఊళ్లో ఏ సంఘం ఎప్పుడు పుట్టిందో కెనడాలో ఇప్పటికీ చెప్పగలరు. శ్రీకాకుళంలో ఘోషా ఇళ్ల తలుపులు తెరిపించింది మాత్రం దొరసాని ఒక్కరే కాదు. ఆమె ముందు నడిచి, వీధి పేరు, ఇంటి మర్యాద తెలిసి, లోపలికి కబురు పంపిన తెలుగు బైబిలు స్త్రీ కూడా. పాత మిషను ఫొటోల కింద దొరలకు ఇంటిపేర్లతో సహా పేర్లుంటాయి, పక్కన నిలబడ్డవారికి ‘బైబిలు స్త్రీ’, ‘వంటమనిషి’, ‘ఆయా’ అన్న హోదాలే ఉంటాయి. ఎనభై ఏళ్లు దాటిన పెద్దమ్మలు కొందరు ఈ ఫొటోల్లోని తమ నాయనమ్మలను ఇప్పటికీ గుర్తుపట్టగలరు. ఆ ఫొటోలను పెద్దగా అచ్చేయించి ఆదివారం ఆరాధన తర్వాత వాళ్లకు చూపించి, చెప్పిన పేరును వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాలి. అది ఒక్క సాయంత్రం పని.

సముద్రం దాటింది దొరలొక్కరే కాదు. శ్రీకాకుళం పల్లెల నుంచి వేలమంది రంగూన్ రేవుకు, బియ్యం మిల్లులకు వలసపోయారు. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు కూడా శ్రీకాకుళం విడిచి బర్మాకు వెళ్లి, అక్కడి తెలుగువాళ్ల, తమిళుల మధ్య పనిచేశారు. ఇక్కడ నేర్చుకున్న తెలుగు వాళ్లకు అక్కడ అక్కరకొచ్చింది. దక్షిణాఫ్రికాలో కథ ఇంకోలా నడిచింది. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తామే చందాలు వేసుకుని, జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా 1903లో నాటాల్‌కు పంపారు. అదే ఏడాది చివర కియర్స్‌నీ తేయాకు తోటలో ఆయన తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించారు. మిషనరీ కుటుంబం అనగానే తెల్లవారే గుర్తొస్తారు గానీ, తెలుగు కుటుంబం ఒకటి ఆ పని చేసి నూట ఇరవై ఏళ్లు దాటింది. నాటాల్‌లో ఆ సంఘం చేరిన కూలీలు, వాళ్ల తోటివారు ఎక్కిన ఓడల పట్టికలు ఇప్పటికీ ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ రాసి ఉంటాయి. వాటిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల పేర్లు తరచుగా కనిపిస్తాయి. డర్బన్‌లో పుట్టిన మునిమనవడికి ముత్తాత ఊరి పేరు తెలుస్తోంది. అతను ఆ ఊరు వెతుక్కుంటూ వస్తే చూపించడానికి ఇక్కడి సంఘం దగ్గర ఒక పుట ఉండాలి.

ఈ పనిలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. అందువల్ల బాప్తిస్మాల రిజిస్టరు బయట పెట్టడమంటే చాలా ఇళ్లలో భయం. పిల్లల చదువు, ఉద్యోగం పోతాయేమోనన్న ఆ భయాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఏ పరిశోధకుడికీ లేదు. కాబట్టి నియమం ముందే రాసుకోవాలి. వందేళ్లు దాటిన పుటలను మాత్రమే అందరూ చూడొచ్చు. అంతకంటే కొత్తవాటికి నకలు తీసి సీలు వేసి సంఘం దగ్గరే ఉంచాలి, ఆ కుటుంబం రాతపూర్వకంగా అడిగితే తప్ప చూపకూడదు. పెళ్లిళ్ల రిజిస్టర్ల సంగతి కొంత నయం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వాటి వివరాలు ప్రభుత్వానికి చేరాలి.

మరికొందరి అభ్యంతరం వేరు. తెల్లదొరల పొగడ్తలను మళ్లీ మోయడం ఎందుకని వాళ్లడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. ఆ ఉత్తరాల్లో ప్రేమతో పాటు అహంకారమూ ఉంది. హిందూ ఇళ్ల గురించి, దేవుళ్ల గురించి చదవలేనంత కటువుగా రాసిన పుటలూ ఉన్నాయి. అయితే ఆ పుటలు కూడా ఇక్కడే ఉండాలి. మిషన్ల వల్ల మేలూ జరిగింది: సాలూరు కుష్ఠు ఆసుపత్రి జర్మన్ లూథరన్ మిషను చేతుల మీదుగా మొదలై నేటికీ రోగులను చూస్తోంది. అక్కడ జరిగిన మేలునైనా, ఉత్తరాల్లోని అవమానాన్నైనా తూచాల్సింది ఈ నేల మనుషులే. తూచడానికి కాగితం చేతిలో ఉండాలి.

ఇది శ్రీకాకుళానికి చేతకాని పని కాదు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను చదవడం గిడుగు రామమూర్తి పంతులు గారు తనంత తానే నేర్చుకున్నారు. కొండల మీది సవర మాటకు నిఘంటువు కూర్చి 1938లో అచ్చు వేయించారు. విశాఖపట్నంలోని సెయింట్ ఆంథోనీస్ బడిలో పాఠాలు చెప్పిన కాళీపట్నం రామారావు మాస్టారు, తనకు వచ్చిన బహుమతుల సొమ్ముతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. పాత పత్రికల్లో చెల్లాచెదురైన తెలుగు కథలు అక్కడ ఒక్కచోట చేరాయి. ఒక బడిపంతులు ఇంత పని చేసిన జిల్లాలో, వందలమంది సభ్యులున్న సంఘాలు తమ సొంత రిజిస్టర్లను కాపాడుకోలేవనడం సరికాదు.

పనికి పెద్ద ఖర్చేమీ లేదు. సెల్‌ఫోన్ కెమెరా చాలు. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పుట పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయాలి. ఖాళీ పుటనూ వదలకూడదు. చిరిగిన కాగితాన్ని లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు. అవి కాగితాన్ని కాపాడవు, కాలం గడిచేకొద్దీ పాడుచేస్తాయి. సమాధి రాతిని యాసిడ్‌తో కడగొద్దు, అక్షరాల మీద సున్నం వేయొద్దు. తీసిన ఫొటోలను మూడు చోట్ల ఉంచాలి: సంఘంలో ఒకటి, సంఘాల అసోసియేషన్ కార్యాలయంలో ఒకటి, ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఒకటి. పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం అన్న నాలుగు గడులతో పట్టిక రాసే పని యువజన సంఘానికి అప్పగించవచ్చు. రికార్డులు పెద్ద మొత్తంలో ఉన్న సంఘాలు కలిసికట్టుగా బ్రిటిష్ లైబ్రరీ నడిపే ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ పథకానికి దరఖాస్తు చేయవచ్చు. ఆ పథకంలో అసలు కాగితాలు దేశం దాటవు, డిజిటల్ నకలు మాత్రమే తయారవుతుంది.

హామిల్టన్, వుల్ఫ్‌విల్, లండన్‌లకు ఉత్తరం రాయాల్సింది మాత్రం ఒక్కొక్క సంఘం విడివిడిగా కాదు. ఉత్తర సర్కారు బాప్టిస్టు సంఘాల సమాజం వంటి సంస్థ పేరు మీద, ఉపాధ్యాయులు, పరిశోధకులు సంతకాలు చేసిన విన్నపంగా వెళ్లాలి. శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం, పాలకొండ, సోంపేట, టెక్కలి స్టేషన్ల వార్షిక నివేదికలు, ఫొటోలు, సిబ్బంది పట్టికలు వీటి నకళ్లు కావాలని స్పష్టంగా అడగాలి. బదులుగా ఇక్కడ గుర్తుపట్టిన పేర్లను వాళ్లకు పంపాలి. ఆ ఫొటోల కింద ఇకనైనా ఆయా అని కాక ఆమె పేరు పడాలి.

బొబ్బిలి స్టేషనుకు 2029లో నూట యాభై ఏళ్లు నిండుతాయి. పందిళ్లకు, భోజనాలకు కమిటీలు ఎలాగూ వేస్తారు. అంతకంటే ముందు, రాబోయే సంఘ సమావేశంలోనే పెద్దలు ఒక తీర్మానం రాసి, చదువుకున్న ఇద్దరు యువతీయువకులను ఈ పనికి నియమించి, రిజిస్టర్లున్న బీరువా తాళం వాళ్ల చేతికివ్వాలి.