మరణశాసనానికి సాక్షి ఎవరు?

ఫరీద్‌కోట్ మాజీ సంస్థానాధీశుడు హరిందర్ సింగ్ బ్రార్ 1989లో కన్నుమూశారు. ఆయన ఆస్తి ఎవరికి చెందాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు నుంచి తుది సమాధానం 2022 సెప్టెంబరులో గాని రాలేదు. ఈ ముప్పైమూడేళ్లూ వేల కోట్ల రూపాయల విలువచేసే కోటలు, భవనాలు, భూములు ఒక ట్రస్టు అధీనంలో ఉండిపోయాయి. ఆ ట్రస్టుకు ఆధారమని చూపిన 1982 నాటి వీలునామాను పెద్ద కుమార్తె 1992లో సవాలు చేశారు. ఆమెకు వాటా లేకుండా చేసిన ఆ పత్రం నకిలీదని చండీగఢ్ కోర్టు 2013లో తేల్చింది. పంజాబ్-హర్యానా హైకోర్టు 2020లోను, సర్వోన్నత న్యాయస్థానం ఆ తర్వాత రెండేళ్లకు ఆ నిర్ధారణనే ఖాయం చేశాయి. న్యాయం జరిగింది. అయితే ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఇద్దరు తుది తీర్పు చూడకుండానే కాలం చేశారు.

వారసత్వ వివాదాలు చేపట్టే న్యాయవాదికి ఉన్న చిక్కు మరే దావాలోనూ ఉండదు. అసలు మాట చెప్పవలసిన మనిషి బతికి ఉండడు. సంతకం ఆయనదేనా, ఆ రోజున ఆయనకు తెలివి ఉన్నదా, ఎవరి ఒత్తిడికైనా లొంగాడా అన్నవి సాక్షుల మాటల నుంచి, వైద్యుని కాగితాల నుంచి, పాత ఉత్తరాల నుంచి కూడదీసుకోవలసిందే. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సామాన్యునికి ఈ సౌలభ్యం వరమే. మోసగాడికి అదే అవకాశం. అందుకే సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో స్పష్టమైన గీత గీసింది. వీలునామా చుట్టూ అనుమానాలు ముసిరినప్పుడు వాటిని తొలగించే బాధ్యత దానిని కోర్టు ముందుకు తెచ్చినవారిదేనని చెప్పింది. లబ్ధి పొందేవాడే దగ్గరుండి రాయించాడంటే అదే ఒక అనుమానమని హెచ్చరించింది.

ట్రస్టు వివాదాలలో ప్రశ్న వేరు. ఆస్తి ఎవరి పేర ఉన్నదన్నది కాదు, ఎవరి మేలుకోసం ఉన్నదన్నది తేల్చాలి. నిజాం నిధి కేసు ఇందుకు చక్కని నిదర్శనం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి దాదాపు పది లక్షల పౌండ్లు లండన్‌లోని పాకిస్థాన్ హైకమిషనర్ పేర బ్యాంకులో జమ అయ్యాయి. సార్వభౌమ దేశానికి ఉండే రక్షణను పాకిస్థాన్ అడ్డుపెట్టడంతో 1957లో ఆ వ్యాజ్యం ఆగిపోయింది. మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము ఏడో నిజాంకోసం ట్రస్టుగా ఉన్నదేనని, భారత ప్రభుత్వానికి, ఆయన ఇద్దరు మనుమలకు చెందుతుందని 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తేల్చింది. అప్పటికి నిజాం మరణించి యాభై రెండేళ్లు గడిచాయి.

ఇవన్నీ కోటలున్నవారి గొడవలని కొట్టిపారేయడానికి వీల్లేదు. అరెకరం చెలక కోసం, రెండు గదుల ఇంటికోసం జిల్లా కోర్టుల మెట్లెక్కుతున్నవారి బాధ కూడా ఇదే. వారిలో ఎక్కువగా నష్టపోయేది ఆడపడుచులే. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన చట్ట సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. కేంద్రం ఆ పని చేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు విశదం చేసింది. అయినా, పసుపుకుంకుమల కింద ఇచ్చేశాం కదా అని నచ్చజెప్పి చెల్లెలి చేత విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకునే అన్నలకు కొదవ లేదు. అదీ కుదరకపోతే, తండ్రి దినకర్మలు ముగిసేలోగా ఎవరూ ఎరగని వీలునామా ఒకటి పెట్టెలోంచి బయటపడుతుంది.

ఇటువంటి అన్యాయాన్ని అరికట్టడంలో న్యాయవాది చేయగల మేలు దావా నడుస్తున్నప్పటికంటె, వీలునామా రాయించేటప్పుడే ఎక్కువ. లబ్ధిదారుని బయట కూర్చోబెట్టి, ఆస్తిపరునితో ఏకాంతంగా మాట్లాడి, ఆయన అసలు కోరిక ఏమిటో తెలుసుకోవాలి. ఎవరినైనా విడిచిపెడుతుంటే కారణం అందులోనే రాయించాలి. వయసులో చిన్నవారిని, ఆ ఆస్తితో సంబంధం లేనివారిని సాక్షులుగా పెట్టించాలి. తప్పనిసరి కాకపోయినా రిజిస్ట్రేషన్ చేయించడమే శ్రేయస్కరం. వాయిదాలతో కేసును సాగదీసి ఫీజులు గుంజడం కక్షిదారునికే కాదు, వృత్తికీ ద్రోహమే.

కోర్టుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. వీలునామా సాక్షులు సాధారణంగా వృద్ధులు. వారి వాంగ్మూలాన్ని దావా తొలినాళ్లలోనే నమోదు చేయకపోతే నిజం వారితోపాటే కాటికి పోతుంది. రాజీకి వీలున్న కుటుంబ తగాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. ఈ సంగతి పల్లెటూళ్లలో ఎందరు ఆడపడుచులకు చేరింది? ముందుగా చేరవలసింది అదే. మరణించినవాని మాట నిలబెట్టడం, బతికున్నవారి హక్కు కాపాడటం రెండూ న్యాయస్థానం పనులే. ఆ రెండూ వారసులు జీవించి ఉండగానే జరిగితేనే న్యాయానికి అర్థం ఉంటుంది.